ఎడారి ఎండ, దీన్ నీడ

అరేబియా నేలతో ఏదో ఒక బంధం లేని తెలుగు ముస్లిం కుటుంబాలు తక్కువ. ఒక ఇంటి నుంచి తల్లిదండ్రులు హజ్‌కో ఉమ్రాకో వెళ్ళి వస్తారు. ఇంకో ఇంటి కొడుకు రియాద్‌లోనో, దుబాయిలోనో, కువైట్‌లోనో కష్టపడుతూ ఉంటాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచీ, కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ గల్ఫ్‌కు వెళ్ళినవారు ఎందరో. వారిలో ముస్లింలూ ఉన్నారు, ముస్లిమేతర సోదరులూ ఉన్నారు. హైదరాబాదు బార్కస్‌లో ఉంటున్న ఎన్నో కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవారే. ఇంత దగ్గరి బంధం ఉన్న ఆ నేల గురించి మనకు వీసా సంగతులు తెలుసు, రియాల్ ధర తెలుసు, ఖర్జూరపు రకాలు తెలుసు. అక్కడి ఎండ ఎలాంటిదో, అది మనిషిని ఎలా కూలదోస్తుందో, దాని విషయంలో మన దీన్ ఏం చెప్పిందో మాత్రం చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల ప్రాణాలు పోతున్నాయి. అందుకే ఈ శుక్రవారం ఆ సంగతి చెప్పుకుందాం.

2024 జూన్‌లో జరిగిన హజ్‌ను ఎవరూ మరచిపోలేరు. ఆ ఏడాది సుమారు 18 లక్షల 30 వేల మంది హాజీలు సమావేశమయ్యారు. జూన్ 17న మక్కా హరమ్ షరీఫ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలుగా నమోదైంది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అనుమతి పత్రం లేకుండా వచ్చినవారనీ, నీడా విశ్రాంతీ లేకుండా మండుటెండలో చాలా దూరం నడిచినవారనీ తెలిపింది. అనుమతి ఉన్న హాజీకి మినాలో చల్లటి గుడారం ఉంటుంది, బస్సు ఉంటుంది, వైద్యుడు ఉంటాడు. అనుమతి లేనివారికి ఉన్నది రోడ్డు ఒక్కటే. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి, ఎవరో ఏజెంటు మాట నమ్మి, విజిట్ వీసా మీద వచ్చిన వృద్ధులు వారిలో ఎందరో! ఈజిప్టు ప్రభుత్వం ఆ తరువాత 16 ట్రావెల్ కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది. ఆ ఏడాది మన దేశపు హాజీలలో 98 మంది చనిపోయారని మన విదేశాంగ శాఖ ప్రకటించింది. అందులో జబ్బులు, వృద్ధాప్యం, ప్రమాదాలు అన్నీ కారణాలుగా ఉన్నాయి. ఆ మరణించిన వారందరినీ అల్లాహ్ మన్నించి, వారి హజ్‌ను స్వీకరించుగాక!

మక్కాలో చనిపోవడం అదృష్టమని మన పెద్దలు అంటారు. నిజమే, ఆ పుణ్యభూమిలో కన్నుమూయాలని ఎవరికి ఉండదు? అయితే అల్లాహ్ రప్పించిన మరణం వేరు, మన అజాగ్రత్త తెచ్చిపెట్టిన మరణం వేరు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అమానత్‌ను కాపాడటం మన విధి.

ఆ నేల ఎందుకంత వేడెక్కుతుంది?

మక్కా నగరం భూమధ్యరేఖకు ఉత్తరంగా 21 డిగ్రీలు దాటిన చోట, కర్కటరేఖకు కొద్దిగా దక్షిణాన ఉంది. కాబట్టి ఏటా రెండుసార్లు, మే 27, 28 తేదీల ప్రాంతంలోనూ, జూలై 15, 16 తేదీల ప్రాంతంలోనూ, జొహర్ వేళకు సూర్యుడు సరిగ్గా కాబా గృహం నెత్తిమీదికి వస్తాడు. ఆ క్షణాన అక్కడ నిలబెట్టిన కర్రకు నీడ పడదు. మే నెలలో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలైలో 2 గంటల 57 నిమిషాలకు ఆ సమయం వస్తుంది. అప్పుడు మన ఊళ్ళో నిట్టనిలువుగా నాటిన కర్ర నీడకు ఎదురు దిక్కు ఖిబ్లా అవుతుంది. చాలా మస్జిదుల ఖిబ్లాను ఈ విధంగా సరిచూసుకుంటారు. ఖిబ్లాను చూపించే ఆ సూర్యుడే ఆ నేలను కాల్చేవాడు కూడా.

అయితే సూర్యుడు నెత్తిమీదికి రావడమే ఎడారికి కారణం కాదు. మన తెలుగు నేలమీదికీ అతడు అలాగే వస్తాడు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, వానలు కురిపించి తేమ పోగొట్టుకుని, ఉత్తరాన 20 - 30 డిగ్రీల మధ్య మళ్ళీ కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి గురై ఇంకా వేడెక్కుతుంది. దానివల్ల మబ్బు కట్టదు. సహారా నుంచి అరేబియా వరకు వరుసగా ఎడారులు పరచుకోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. మన దేశంలో నైరుతి రుతుపవనాలు జోరుగా కురిసే రోజుల్లో పైకి లేచిన గాలిలో కొంత భాగం పడమటి ఎడారుల వైపు దిగి, అక్కడి పొడితనాన్ని మరింత పెంచుతుందని శాస్త్రజ్ఞులు వివరించారు. ఇక్కడ వాన కురిస్తే అక్కడ ఎండ ముదరడం సృష్టికర్త లెక్కలోని విచిత్రం!

మక్కా చుట్టూ చెట్టూ చేమా లేని రాతి కొండలు. పంట పండని లోయలో తన సంతానాన్ని ఉంచుతున్నానని హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) చేసిన దుఆను దివ్య ఖుర్ఆన్ జ్ఞాపకం చేస్తుంది. పగలంతా ఎండ తాగిన ఆ రాళ్ళు రాత్రి చాలాసేపటి వరకు వేడిని వదులుతూనే ఉంటాయి. కొద్ది దూరంలోనే ఉన్న తాయిఫ్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల చల్లగా ఉంటుంది. మక్కా సంపన్నులు ఎండాకాలం తాయిఫ్ చేరడం తరతరాల ఆచారం. దక్షిణాన రుబ్-అల్-ఖాలీ ఉంది. అరబ్బీలో ఆ పేరుకు 'ఖాళీ నాలుగో భాగం' అని అర్థం. సుమారు 6 లక్షల 50 వేల చదరపు కిలోమీటర్ల ఆ ఇసుక సముద్రం మన తెలుగు రాష్ట్రాలు రెండింటినీ కలిపినా వాటికి రెట్టింపు కన్నా పెద్దది.

ఎండాకాలంలో గాలుల సంగతి కూడా తెలుసుకోవాలి. ఇరాన్, పాకిస్తాన్ వైపు నేల వేడెక్కి గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. పడమటి దిక్కున ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్ల ఇరాక్ మైదానాల నుంచి కువైట్, బహ్రెయిన్, ఖతర్‌ల మీదుగా వాయవ్యపు గాలి వీస్తుంది. దాన్ని 'షమాల్' అంటారు. అరబ్బీలో షమాల్ అంటే ఉత్తర దిక్కు. జూన్, జూలై నెలల్లో అది రోజుల తరబడి వీస్తూ దజ్లా, ఫురాత్ నదుల మైదానాల దుమ్మును మోసుకొస్తుంది. పట్టపగలే దీపాలు వేసుకోవలసి వస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అవి గడ్డు రోజులు. ఇక నిప్పులాంటి వేడిగాలిని అరబ్బులు 'సమూమ్' అన్నారు. ఉర్దూలో మనం 'లూ' అంటాం, తెలుగులో వడగాలి అంటాం. ఖుర్ఆన్‌లో నరకశిక్షను వర్ణించేటప్పుడు ఈ సమూమ్ పేరే వచ్చింది. ఆ మాట విన్న ఎడారి మనిషికి దానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని పరిశీలించి ధ్రువీకరించింది.

పొడి ఎండ, ఉక్క ఎండ

ఎడారి ఎండ అంటే ఒక్కటే రకం అనుకోకూడదు. రామగుండంలో కాసే ఎండకూ, మచిలీపట్నంలో ఉక్కపోతకూ తేడా మనకు తెలుసు. రియాద్ ఎండ మొదటి రకం. గాలి పొడిగా ఉండడం వల్ల చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తరిగిపోయిన సంగతి మనిషికి అంతు చిక్కదు. అయితే మబ్బు లేని ఆకాశం కింద రాత్రికి నేల తొందరగా చల్లబడుతుంది.

దుబాయి, దమ్మామ్, దోహా, జిద్దా వంటి సముద్రతీర నగరాలది రెండో రకం. పర్షియన్ గల్ఫ్ లోతు సగటున 35 మీటర్లే. నిస్సారంగా ఉన్న ఆ సముద్రపు నీరు వేసవిలో 35 డిగ్రీల దాకా వేడెక్కి ఆవిరిని గాలిలోకి వదులుతుంది. 2003 జూలై 8న సౌదీలోని దహ్రాన్ వద్ద గాలిలోని తేమ ప్రపంచంలోనే అరుదైన స్థాయికి చేరింది. అలాంటి గాలిలో చెమట ఆరదు. మనిషి ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆరడం. ఆరకపోతే లోపలి వేడి బయటికి పోయే దారి లేదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, ఆరోగ్యంగా ఉన్నవాడు నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పని చేసేవాడికి అంతకన్నా చాలా తక్కువలోనే ప్రమాదం. భూతాపం ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి గల్ఫ్ తీరంలో కొన్ని రోజులు ఆ హద్దు దాటవచ్చని 2015లో వెలువడిన ఒక పరిశోధన హెచ్చరించింది. ప్రపంచ సగటుతో పోలిస్తే ఆ ప్రాంతం ఎక్కువ వేగంగా వేడెక్కుతున్నది.

ఎడారిలో వాన రాదని అనుకోవడం కూడా పొరపాటే. ఏడాదికి 100 మిల్లీమీటర్లు కూడా పడని చోట్ల ఒక్కొక్కప్పుడు రెండేళ్ళ వాన ఒక్క రోజున పడుతుంది. 2009 నవంబరు 25న జిద్దా వరదల్లో వందమందికి పైగా చనిపోయారు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలో 24 గంటలు తిరగకముందే 254 మిల్లీమీటర్లు కురిసింది. దుబాయి విమానాశ్రయం నీటిలో మునిగిన దృశ్యాలు మనవాళ్ళు ఫోన్లలో పంపగా చూశాం. ఎండిన వాగుల్లో, అరబ్బులు 'వాదీ' అనేచోట, గుడారం వేసుకోవద్దని అక్కడి పెద్దలు చెప్పేది ఇందుకే.

ఇంకో వింత ఒమన్ దేశంలోని సలాలాలో ఉంది. అరేబియా అంతా మండిపోతున్న జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కొండలు పచ్చబడతాయి, తుంపర పడుతుంది, పొగమంచు కమ్ముకుంటుంది. ఆ కాలాన్ని వారు 'ఖరీఫ్' అంటారు. మన పొలాల్లో ఖరీఫ్ పంటకు పేరిచ్చిన మాట అదే. మనకు వాననిచ్చే నైరుతి గాలే వెళుతూ వెళుతూ ఆ కొండలను తడిపి వస్తుంది. అరబ్బీలో కాలాన్ని 'మౌసిమ్' అంటారు. ఓడల మీద ఈ గాలులను నమ్ముకుని మన తీరాలకు వచ్చిన అరబ్బు నావికుల మాటనుంచే ఇంగ్లీషువారి 'మాన్సూన్' పుట్టింది, మన ఉర్దూ 'మౌసమ్' కూడా దానిదే.

పూర్వీకులు ఎండతో ఎలా బతికారు?

ఏసీలు లేని కాలంలో అరబ్బులు ఆ ఎండలో వేల ఏళ్ళు జీవించారు. మొండితనంతో ఎదురునిలిచి కాదు, ఎండకు తలవంచి, దాన్ని తప్పించుకుని జీవించారు. మన రైతులు కార్తెలు లెక్కపెట్టినట్టు వారు నక్షత్రాలు లెక్కపెట్టారు. జూన్ మొదటి వారంలో తెల్లవారుజామున సురయ్యా, అంటే మన కృత్తిక, కనబడగానే అసలైన గ్రీష్మం మొదలైనట్టు. మనకు రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించే రోజులవే. మనకు చల్లబడే వేళ వారికి మండే వేళ! ఆగస్టు చివర సుహైల్ నక్షత్రం, మన అగస్త్యుడు, దక్షిణాన పొడిచాక ఎండ తగ్గుముఖం పడుతుందని వారి నమ్మకం, అనుభవం కూడా.

ప్రయాణాలు రాత్రిపూట చేసేవారు. ఒంటినిండా వదులైన బట్ట, తలమీద రుమాలు. ఎండను ఆపడానికి ఒంటిని కప్పుకోవాలి గాని విప్పుకోకూడదని వారికి తెలుసు. అల్లాహ్ ప్రసాదించిన వరాలను లెక్కిస్తూ సూరె నహ్ల్‌లో నీడను, కొండల ఆశ్రయాన్ని, వేడి నుంచి కాపాడే దుస్తులను ప్రస్తావించడం గమనించదగ్గది. ఇళ్ళ సంగతి చూడండి. జిద్దా పాత నగరంలో చెక్క జాలీల కిటికీలు గాలిని రానిచ్చి ఎండను ఆపేవి. దుబాయి పాత పేటలో 'బర్జీల్' అనే గాలి గోపురాలు పైనుంచి పోయే గాలిని పట్టి గదిలోకి దింపేవి. హద్రమౌత్‌లోని షిబామ్‌లో మట్టి ఇటుకలతో కట్టిన అయిదారు అంతస్తుల మేడలు నేటికీ నిలిచి ఉన్నాయి.

నీటి విషయంలో హారూన్ రషీద్ భార్య జుబైదా చేసిన సేవను చరిత్ర మరువలేదు. మక్కాలో హాజీలు నీటికి పడే కష్టం చూసి ఆమె కొండల నుంచి కాలువ తవ్వించింది. కూఫా నుంచి మక్కా వచ్చే దారి పొడవునా బావులు, చెరువులు, విశ్రాంతి స్థలాలు ఏర్పరచింది. పన్నెండు వందల ఏళ్ళు గడిచినా ఆ దారికి ఆమె పేరే. ఎడారిలో కీర్తి నిలిచేది కోటలతో కాదు, నీళ్ళతో.

షరీఅత్ చూపిన నీడ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎండలో ఎంత మాడితే అంత పుణ్యమనే భావన మనలో కొందరికి ఉంది. ఇది దీన్ నేర్పింది కాదు. ఒకనాడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖుత్బా ఇస్తుండగా ఒకతను ఎండలో నిలబడి ఉండడం చూశారు. విచారిస్తే అతని పేరు అబూ ఇస్రాయీల్ అనీ, కూర్చోననీ, నీడకు పోననీ, మాట్లాడననీ, రోజా ఉంటాననీ మొక్కుకున్నాడనీ తెలిసింది. అతన్ని కూర్చోమనీ, నీడకు రమ్మనీ, మాట్లాడమనీ, రోజా మాత్రం పూర్తి చేయమనీ ప్రవక్త (స) ఆదేశించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. రోజా ఇబాదత్, కనుక దాన్ని ఉంచారు. ఎండలో నిలబడడం ఇబాదత్ కాదు, కనుక దాన్ని తీసివేశారు. ఇంతకన్నా స్పష్టమైన తీర్పు ఏం కావాలి?

ప్రయాణంలో ఒకసారి ముఅజ్జిన్ జొహర్ అజాన్ చెప్పబోతే కాస్త చల్లబడనివ్వమని ప్రవక్త (స) ఆపారు. ఇసుక దిబ్బల నీడలు కనబడేదాకా ఆపారు. తీవ్రమైన ఎండలో జొహర్‌ను చల్లబడే వేళకు జరపడం ఆ విధంగా సున్నత్ అయింది. నేల కాలుతుంటే సహాబాలు తమ బట్ట కొంగును పరచుకుని దానిమీద సజ్దా చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ప్రయాణంలో రోజా ఉండి సొమ్మసిల్లిన ఒకతనికి జనం నీడ పడుతుండగా చూసి, ప్రయాణంలో అలాంటి రోజా పుణ్యకార్యం కాదని ప్రవక్త (స) అన్నారు. చివరి హజ్‌లో జమ్రా వద్ద కంకర రాళ్ళు వేసేటప్పుడు హజ్రత్ బిలాల్, హజ్రత్ ఉసామా (రజి) ప్రవక్త (స) వెంట ఉన్నారు. ఒకరు ఒంటె పగ్గం పట్టుకుంటే మరొకరు బట్ట ఎత్తి ఆయనకు ఎండ తగలకుండా నీడ పట్టారు. ఇహ్రామ్‌లో తల కప్పుకోరాదు గాని గొడుగు పట్టుకోవచ్చుననడానికి ఉలమాలు దీన్ని ఆధారంగా చూపుతారు.

ఆ నీడ పట్టినవారిలో బిలాల్ (రజి) ఉండడం మన హృదయాలను కదిలించాలి. ఒకప్పుడు మక్కాలో ఉమయ్యా బిన్ ఖలఫ్ ఆయనను మండే ఇసుకమీద పడుకోబెట్టి, గుండెమీద బండ పెట్టాడు. ఎండను ఆయుధంగా వాడినవాడు ఉమయ్యా. నీడ పట్టినవాడు బిలాల్. మనం ఎవరి బాటలో నడవాలో చెప్పనక్కరలేదు.

కొందరు సోదరులు ఇక్కడ తబూక్ సంగతి ఎత్తుతారు. హిజ్రీ 9లో తీవ్రమైన ఎండల్లో ముస్లింలు తబూక్ బయలుదేరినప్పుడు, ఎండ సాకు చెప్పి వెనకబడిన కపటులను ఖుర్ఆన్ మందలించింది కదా, మరి ఎండకు భయపడవచ్చా అని అడుగుతారు. ప్రశ్న మంచిదే. అయితే అదే సూరె తౌబాలో, కొద్ది ఆయతుల తరువాతే, బలహీనులకు, రోగులకు, ఖర్చుకు లేనివారికి నింద లేదని కూడా ఉంది. అంటే శక్తి ఉండి తప్పించుకున్నవాడు వేరు, శక్తి లేనివాడు వేరు. సూరె ఆలి ఇమ్రాన్‌లో హజ్‌ను విధిగా చేసినప్పుడు కూడా స్తోమత ఉన్నవారికే అన్న షరతు ఉంది. స్తోమత అంటే డబ్బు ఒక్కటే కాదు. ఆరోగ్యం, దారి భద్రత అందులో భాగమని ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి.

హాజీల కుటుంబాలకు

చాంద్రమానం ప్రకారం హజ్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025 హజ్ జూన్ మొదటి వారంలో వచ్చింది. 2026 హజ్ మే నెల చివరి వారానిది. 2030 నాటికి ఏప్రిల్‌లోకి వస్తుంది. మళ్ళీ నడివేసవిలోకి రావడానికి సుమారు పాతికేళ్ళు పడుతుంది. దీన్ని చూసి ఇక భయం లేదని అనుకోవద్దు. మే చివరలో మక్కా ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రంజాన్ ఇప్పుడు చలికాలంలో వస్తున్నా 2040 దశకంలో మళ్ళీ వేసవికి తిరిగి వస్తుంది. అప్పటికి మన పిల్లలు పెద్దవారై ఉంటారు, భూమి ఇంకా వేడెక్కి ఉంటుంది.

కాబట్టి హజ్‌కు పంపే కుటుంబాలకు మా మనవి ఇది. హజ్ వీసా, అనుమతి పత్రం లేకుండా ఎవరినీ పంపవద్దు. విజిట్ వీసా మీద హజ్ చేయిస్తానన్న ఏజెంటు తక్కువ డబ్బే అడగవచ్చు. మిగిలిన మొత్తం మీ తండ్రి ప్రాణంతో కట్టవలసి రావచ్చు. నడవలేని వృద్ధులు, కోలుకునే ఆశ లేని రోగులు తమ తరఫున మరొకరితో హజ్-ఎ-బదల్ చేయించుకోవచ్చు. ఖసఅమ్ తెగకు చెందిన ఒక మహిళ తన ముసలి తండ్రి గురించి అడిగినప్పుడు ప్రవక్త (స) ఆమెకు ఆ అనుమతి ఇచ్చారు. రమీకి బలహీనులు వకీలును నియమించుకోవచ్చు. ముజ్దలిఫా నుంచి బలహీనులు రాత్రే బయలుదేరడానికి అనుమతి ఉంది. ఈ రుఖ్సత్‌లను ఇమాములు, ఉలమాలు హజ్ శిక్షణ తరగతుల్లో గట్టిగా చెప్పాలి. దుఆలు నేర్పినంత శ్రద్ధగా గొడుగు, నీళ్ళ సీసా, ఓఆర్‌ఎస్ సంగతి కూడా నేర్పాలి. బీపీ, షుగర్ మందులు వాడేవారు బయలుదేరేముందు వైద్యుణ్ణి అడగాలి. కొన్ని మందులు ఒంటిలో నీటిని తగ్గిస్తాయి.

వడదెబ్బ గుర్తులు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, కండరాలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. అప్పుడే నీడకు చేర్చి నీళ్ళు తాగించాలి. మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. వెంటనే ఒంటిమీద చల్లటి నీళ్ళు పోసి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. సౌదీలో 997కు, మన దగ్గర 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు.

చెమటోడ్చే బిడ్డల కోసం

హాజీ ఆ ఎండలో కొద్ది రోజులే ఉంటాడు. మన కూలీ బిడ్డ ఏళ్ళ తరబడి ఉంటాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పనిని గల్ఫ్ దేశాలన్నీ చట్టప్రకారం నిషేధించాయి. యు.ఎ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా నిషేధం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో పని చేయించరాదు. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా పని ఆపాలి. వేడి, తేమ, ఎండ కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే అక్కడ ఏ వేళైనా పని నిలిపివేయాలి.

ఈ గంటలు ప్రతి కార్మికుడి కుటుంబానికీ కంఠస్థం కావాలి. చట్టం ఉన్నా ఉల్లంఘించే యజమానులు, కాంట్రాక్టర్లు ఉంటారు. అలాంటివారిని ముస్లింలన్న కారణంగా మనం వెనకేసుకు రావద్దు. పనివారు మీ సోదరులు, వారి శక్తికి మించిన భారం మోపవద్దు, మోపితే మీరూ చేయి వేయండి అని ప్రవక్త (స) బోధించారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు. పనివాడు ఏ మతంవాడైనా ఈ ఆదేశం ఒక్కటే. గోడమీద ఆయతులు వేలాడదీసి, గోడ కట్టే మనిషిని మిట్టమధ్యాహ్నం నిలబెట్టేవాడు ఎవరిని మోసం చేస్తున్నాడు?

మనవైపు నుంచి కూడా ఒక మాట. ఇంటి నుంచి ఫోను వస్తే గల్ఫ్‌లో ఉన్న కొడుకు వినేది తరచుగా డబ్బు సంగతే. చెల్లెలి నికాహ్, ఇంటి స్లాబు, అప్పు వడ్డీ. పాపం, అతను ఓవర్‌టైం ఒప్పుకుంటాడు, విరామం వదులుకుంటాడు. పదేపదే ఒంట్లో నీరు తరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. మూత్రానికి పోవలసి వస్తుందని నీళ్ళు తక్కువ తాగే కార్మికులు కూడా ఉన్నారు. ఈసారి ఫోను చేసినప్పుడు డబ్బు సంగతికి ముందు, బాబూ నీళ్ళు తాగుతున్నావా, మధ్యాహ్నం నీడలో ఉంటున్నావా అని తల్లి అడగాలి. నికాహ్‌లు సాదాగా చేస్తే సగం ఓవర్‌టైం తగ్గుతుంది. వరకట్నం, ఆడంబరాలు ఇక్కడ మనం పెంచుకున్న మంటలే. వాటి సెగ తగిలేది అక్కడ మన బిడ్డలకు.

ఎండ ఎడారికే పరిమితం కాదు. 2015 మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో కూలీలు, పశువుల కాపరులు, వృద్ధులే ఎక్కువ. మన మస్జిదు ముందు ఒక సబీల్ పెట్టి, దారిన పోయే ప్రతి మనిషికీ మతం అడగకుండా నీళ్ళూ మజ్జిగా ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. తన తల్లి పేర ఏ దానం మేలని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే ప్రవక్త (స) చెప్పిన జవాబు నీళ్ళు అని. ఆయన బావి తవ్వించారు. మస్జిదు వుజూఖానా పక్కన నాలుగు వేప మొక్కలు నాటితే పదేళ్ళకు మన తరువాతివారు ఆ నీడలో నిలబడతారు. మధ్యాహ్నం రెండు గంటలకు రిక్షావాడినో, హమాలీనో, ఇంట్లో పని చేసే ఆమెనో కాసేపు కూర్చోమనడం కూడా సదఖాయే. జుమా ఖుత్బాను ఎండాకాలంలో క్లుప్తంగా ముగించి, ఆరుబయట నిలబడిన నమాజీలకు షామియానా వేయించడం మస్జిదు కమిటీల బాధ్యత.

ప్రళయదినాన సూర్యుడు దగ్గరికి వచ్చే వేళ, ఏ నీడా లేనినాడు, అల్లాహ్ తన నీడను కొందరికి ప్రసాదిస్తాడని మనం నమ్ముతాం. ఆనాటి నీడను ఆశించేవారు ఈనాడు ఇతరులకు నీడ పట్టాలి. హాజీలను క్షేమంగా తిరిగి తీసుకురావాలని, పరదేశంలో చెమటోడ్చే మన బిడ్డలను కాపాడాలని, యజమానుల గుండెల్లో దయ నింపాలని, మన నేలకు సకాలంలో వాన కురిపించాలని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.